ఎత్తడం, ఏరడం, పికప్పు

సాస్తిలో ఇంగ్లీషు రానివాళ్ళు బోలెడుమంది. 'పికప్' రానివాళ్ళు మాత్రం ఒక్కరూ దొరకరు. ఓపెన్‌కాస్ట్‌లో డంపరు నడిపే ఆపరేటర్ "బండికి పికప్ లేదు" అని వర్క్‌షాపులో మొరపెట్టుకుంటాడు. ఫస్ట్ షిఫ్టుకు పోయే మనిషి పక్క క్వార్టరాయన్ని "పొద్దుగాల జర నన్ను పికప్ చేసుకో అన్నా" అని అడుగుతాడు. కిరాణా కొట్టాయన "దసరా సంది బేరం పికప్ అయింది" అంటాడు. టైఫాయిడ్ వచ్చి లేచిన మనవడి గురించి నాయనమ్మ "ఇప్పుడిప్పుడే పికప్ అయితుండు" అని ఊరడిల్లుతుంది. ఆమె బడి మొహం ఎన్నడూ చూడలేదు. ఇక రాజురా సంతకు వంకాయలూ టమాటలూ మోసుకుపోయే బొలెరో బండి పేరే పికప్.

ఇన్ని పికప్పుల మధ్య పెరిగిన పిల్లలే నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చి, గైడు తెరవగానే బిక్కమొహం వేస్తారు. అందులో ఫ్రేజల్ వెర్బ్స్ అని ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు క్రియ, కుడివైపు బారుగా అర్థాలు: ఎత్తుట, నేర్చుకొనుట, కోలుకొనుట, అరెస్టు చేయుట, బండి ఎక్కించుకొనుట. పిల్లలు దాన్ని ఎక్కాల్లా వల్లెవేసి, పరీక్ష హాలు గేటు దాటగానే మరిచిపోతారు. నాకు ఆ పట్టిక అంటే గిట్టదు. అర్థాలన్నీ అప్పజెప్తుంది గానీ, ఒకదాంట్లోంచి మరొకటి ఎట్లా పుట్టిందో ఒక్క ముక్కా చెప్పదు.

సాస్తి ఎక్కడో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా, రాజురా తాలూకా. వార్ధా నదికి అవతల బల్లార్‌పూర్ కాగితం మిల్లు, ఇవతల మా బొగ్గు గనులు. వానాకాలం నది పొంగిందంటే రాజురాకూ బల్లార్‌పూర్‌కూ దారి తెగిపోతుంది. 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడేదాకా రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. తర్వాత నాందేడ్ జిల్లాలో కలిపారు, 1959లో చాందాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు మార్చారు. కాబట్టి ఇక్కడి తెలుగు అంతా వలస వచ్చిందే అనుకుంటే పొరపాటు. 1973లో బొగ్గు గనులు జాతీయమై, 1975లో కోల్ ఇండియా కింద వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడ్డాక కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి మరిన్ని కుటుంబాలు వచ్చాయి. మాదీ అట్లా వచ్చిందే, పెద్దపల్లి వైపు నుంచి. కాలనీ పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, మైదానంలో హిందీ. ఇంగ్లీషు నాలుగోది, అది నా పాలబడింది.

మా నాన్న డంపరు ఆపరేటర్. ఆయన నోట్లో పికప్ అంటే ఏమిటో చెప్తాను. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం, డంపర్లు తిరిగే హాల్ రోడ్డు వాలు మామూలుగా పదహారుకు ఒకటికి మించకూడదు. అంటే పదహారు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి ఎక్కినట్టు. వినడానికి ఇది ఏమంత ఎత్తుగా అనిపించదు. కింది బెంచీ మీద షావెల్ నాలుగైదు బకెట్ల మట్టి గుమ్మరించాక, ఆ బరువుతో గుంతలోంచి పైదాకా ఎక్కేవాడికి తెలుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కగానే బండి వేగం అందుకుంటే పికప్ ఉన్నట్టు. ఇంజను అరుస్తూ, పొగ కక్కుతూ, అక్కడక్కడే పాకితే లేనట్టు. మోటారు కార్లు వచ్చిన కొత్తలోనే ఇంగ్లీషువాళ్ళు ఈ అర్థానికి పికప్ అనడం మొదలుపెట్టారు. ఇంతకీ నేనిప్పుడు రాసిన మాట చూడండి: వేగం 'అందుకుంటే'. కింద ఉన్నదాన్ని చెయ్యి చాచి అందుకున్నట్టే బండి వేగాన్ని అందుకుంటుందని మనమూ అంటాం. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు.

అసలు కథంతా ఆ చేతిలోనే ఉంది.

'పిక్' అనే ఇంగ్లీషు క్రియకు పాత అర్థం ఎత్తడం కాదు, పొడవడం. మొనదేలినదానితో గుచ్చడం, కోడి ముక్కుతో పొడవడం. గనివాళ్ళు రాయి పగలగొట్టే 'పిక్' అనే పనిముట్టూ ఈ కుదురుదే. మన గనుల్లో తట్టా చెమ్మస్ పక్కన ఉండేది అదే. పొడిచే ముక్కు గింజను పట్టుకుంటుంది కూడా. అందుకని 'పిక్' పొడవడం నుంచి ఏరడానికి జరిగింది. మా పెద్దమ్మ బొగ్గు బెల్టు పక్కన నిలబడి రాళ్ళేరే పని చేసేది. ఆ ఉద్యోగానికి కంపెనీ కాగితాల్లో 'షేల్ పికర్' అని పేరు. బెల్టు మీద బొగ్గు పారుతుంటే అందులోంచి షేల్ ముక్కలు చూసి, పట్టి, పక్కన పడెయ్యాలి. రెండూ నల్లగానే ఉంటాయి. బొగ్గుకు మెరుపుంటది, రాయికి ఉండదు, చేతిలోకి తీసుకుంటే రాయి బరువు అనేది పెద్దమ్మ. 'పిక్' అంటే సరిగ్గా ఆ పని: చూడాలి, ఎంచాలి, వేళ్ళతో పట్టాలి. దానికి 'అప్' తగిలిస్తే పట్టినదాన్ని పైకి తీయడం అవుతుంది. వేళ్ళతో పట్టి పైకెత్తడం అనే ఈ అర్థంలో ఆ జంట మాట ఇంగ్లీషులో ఆరేడు వందల ఏళ్ళుగా ఉంది.

ఇట్లా క్రియకు చిన్న తోక తగిలించి అర్థం మార్చేయడం ఇంగ్లీషుకు బాగా అలవాటు. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ దాని ముందుమాటలోనే, పరదేశులకు అన్నిటికంటే కష్టం కలిగించేది ఇదేనని ఒప్పుకున్నాడు. ఆయన చెప్పిన పరదేశుల్లో సాస్తి పిల్లలూ ఉన్నారనుకోవచ్చు. ఈ జంటలకు 'ఫ్రేజల్ వెర్బ్' అనే పేరు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ ఆ పేరు సూచించాడని చెబుతూ లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో తన పుస్తకంలో వాడాడు. అదే 1925 ఏప్రిల్‌లో అమెరికాలో ఫోర్డు కంపెనీ తన మోడల్ టీ కారుకు వెనక తొట్టి బిగించి, 'పికప్ బాడీ' అనే పేరుతో 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. వ్యాకరణంలో పేరు స్థిరపడిందీ, తొట్టి బండికి పేరు పడిందీ ఒకే ఏడాది. కాకతాళీయమే, కానీ నాకు ముచ్చటగా ఉంటుంది.

పాత ఇంగ్లీషులో ఈ తోకలు చాలావరకు ముందు ఉండేవి, మన ఉపసర్గల్లా. తెలుగు బడిలో చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఒక్క 'హార' మీదే ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం వస్తాయి. తినడానికీ చంపడానికీ మధ్య ఒక ఉపసర్గే తేడా. ఇంగ్లీషులో ముందున్నవి మెల్లగా వెనక్కి జారాయి. కొన్నిచోట్ల పాతదీ కొత్తదీ రెండూ మిగిలిపోయాయి. 'అప్‌సెట్', 'సెటప్' తీసుకోండి. ముక్కలు అవే, వరస తిరగబడింది అంతే. 'అప్‌సెట్' కూడా ఒకప్పుడు నిలబెట్టడం అనే అర్థంలోనే ఉండేది. తర్వాత బోర్లా పడెయ్యడం అయింది, ఆ తర్వాత మనసు పాడవడం అయింది. మా కాలనీలో రెండూ ఇంగ్లీషని ఎవరికీ గుర్తులేదు. "సెటప్ బాగ చేసిండు, వర్షమొచ్చే సరికి అప్‌సెట్ అయిండు" అని గణపతి మండపం గురించి చెప్పుకుంటారు.

ఇక క్లాసు సంగతి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నోటుబుక్కులో, ఆయన ఫోను 'లిఫ్ట్' చెయ్యడం లేదు అని ఇంగ్లీషులో రాసింది. ఇంగ్లీషువాళ్ళు లిఫ్ట్ అనరు, 'పికప్' అంటారు అని దిద్దబోయాను.

"రెండూ ఎత్తుడే గద మేడం?" అంది.

నిజమే. తెలుగులో ఫోను 'ఎత్తుతాం'. ఆ ఎత్తడాన్నే మనవాళ్ళు 'లిఫ్ట్' అని ఇంగ్లీషు చేసుకున్నారు. ఇంగ్లీషువాడు అదే పనికి వేరే మాట పట్టుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకునే రిసీవరు పోయి, అద్దం మీద వేలు జరిపే ఫోను వచ్చినా మనమూ ఎత్తుతూనే ఉన్నాం, వాళ్ళూ ఎత్తుతూనే ఉన్నారు. ఆ సాయంత్రం పట్టిక మూసేయించి, బోర్డు మీద తెలుగులో 'ఎత్తు' అని రాసి, తలా ఒకటి చెప్పమన్నాను. ఎత్తుకోవడం, అన్నాడొకడు. చంటిపిల్లను ఎత్తుకోవడం. ఇంకోడు ఎత్తుకుపోవడం, దొంగలు. ఎత్తివేయడం, లాక్‌డౌన్ ఎత్తేశారు. దుకాణం ఎత్తేశాడు. ఎత్తిపోతలు, అని వెనక బెంచీ నుంచి వచ్చింది. వాళ్ళ తాతది కాళేశ్వరం వైపు. వేలెత్తి చూపడం. నోరెత్తకపోవడం. బిచ్చమెత్తడం. అవతారమెత్తడం. బోర్డు సరిపోలేదు. మనకూ ఒక క్రియకు ఇన్ని తోకలున్నాయి, వాటిని ఎవరూ పట్టికలో నేర్పలేదు, అయినా ఎప్పుడూ తడబడం. అప్పటి నుంచి నా పాఠం ఈ వరసలోనే నడుస్తోంది. ముందు చెయ్యి కిందికి పోయి, ఏదో పట్టుకుని, పైకి వస్తున్నట్టు ఊహించుకోవాలి. తర్వాత ఆ చేతిలో ఏముందో అడగాలి.

చేతిలో సంచి ఉంటే ఎత్తడం. దారిలో నిలబడ్డ మనిషి ఉంటే బండెక్కించుకోవడం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండా అక్కడా ఇక్కడా దొరికిన మాటలుంటే అది నేర్చుకోవడం. మా పిల్లలు మరాఠీ అట్లానే 'పికప్' చేశారు, ఒక్క వ్యాకరణ సూత్రం కూడా రాకుండా. గాలిలోంచి దొరికిన సిగ్నల్ ఉంటే రేడియో పని. 1920ల్లో వచ్చిన విద్యుత్ గ్రామఫోనులో రికార్డు గాళ్ళ మీద నడిచే ముల్లు అమరికకూ 'పికప్' అనే పేరు. అక్కడ పాత పొడిచే అర్థమూ, ఎత్తే అర్థమూ రెండూ కలిసొచ్చాయి: ముల్లు గుచ్చుకుంటుంది, పాటను పైకి తీస్తుంది. హోటల్లో బల్ల మీది బిల్లు ఉంటే, ఆ పూట ఖర్చు ఆ చేతిదే. వదిలేసిన కబురు ఉంటే, ఆపిన చోటి నుంచి మళ్ళీ అందుకోవడం.

చేతిలో ఏమీ లేకపోతే? తనను తానే ఎత్తుకోవాలి. జబ్బుపడ్డ మనిషి కోలుకోవడం, చతికిలబడ్డ వ్యాపారం లేవడం అక్కణ్ణుంచి వచ్చాయి. పద్దెనిమిదో శతాబ్దం నాటికే ఇంగ్లీషులో ఈ అర్థం ఉంది. మనం 'పుంజుకుంది' అంటాం. నాయనమ్మ గారి పికప్ సరిగ్గా ఇదే, ఆమె వాడుకలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

పాట సంగతి చెప్పకుండా ఉండలేను. పాశ్చాత్య సంగీతంలో అసలు తాళం దెబ్బకు ముందు వచ్చే ఒకటి రెండు స్వరాలను 'పికప్' అంటారు. మన సంగీతంలో పాట తాళంలో ఎక్కడ మొదలవుతుందో ఆ చోటును ఎడుపు అంటారు, మామూలు మాటల్లో ఎత్తుగడ. రెంటికీ లెక్క ఒకటి కాదు, కానీ పాటను కింద నుంచి ఎత్తుకోవాలన్న ఊహ ఒకటే. మా కాలనీలో బతుకమ్మ ఆడేటప్పుడు గుండ్రంగా నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, "నువ్ ఎత్తుకో వదినా, నేనందుకుంట" అంటారు. ఆ ఒక్క వాక్యంలో రెండు పికప్పులున్నాయి.

'అప్' గురించి ఇంకొంచెం. అది ఎప్పుడూ 'పైకి' కాదు. తినడం తర్వాత పెట్టినా, తాగడం తర్వాత పెట్టినా, ఎండడం తర్వాత పెట్టినా పైకి పోయేది ఏమీ లేదు. పని పూర్తయిందని అర్థం. తెలుగులో ఈ పని 'వేయు', 'పోవు' చేసిపెడతాయి: తినెయ్, తాగెయ్, ఎండిపోయింది. చెరువు ఎండిపోయింది అన్నప్పుడు చెరువు ఎక్కడికీ పోలేదని పిల్లలకు తెలుసు. కాబట్టి ఇంగ్లీషులో 'అప్' ఎక్కడికి పోయిందని వాళ్ళు అడగరు. ఇది చెప్పాక సగం పట్టిక దానంతటదే చిన్నదవుతుంది.

ఒక వ్యాకరణం ముక్క కూడా ఉంది, పొట్టిగా చెప్పేస్తాను. ఎత్తే వస్తువును పేరుతో చెబితే అది 'అప్' తర్వాతైనా రావచ్చు, మధ్యలోనైనా దూరవచ్చు. 'అది', 'అతన్ని', 'వాళ్ళను' లాంటి సర్వనామం అయితే మధ్యలోనే రావాలి: 'పిక్ ఇట్ అప్'. 'పికప్ ఇట్' తప్పు. మావాళ్ళ కాగితాల్లో నా ఎర్ర పెన్ను ఎక్కువగా ఖర్చయ్యేది ఇక్కడే.

మనవాళ్ళు సొంతంగా కట్టినవీ ఉన్నాయి. 'పికప్'కు జోడీగా 'డ్రాపింగ్' పుట్టించాం. "పికప్ నీది, డ్రాపింగ్ నాది" అని స్కూలు పిల్లల విషయంలో తల్లిదండ్రులు వాటాలు వేసుకుంటారు. బస్సు టికెట్ల మీదా డ్రాపింగ్ పాయింటు అని అచ్చేస్తారు. ఇంగ్లండు మనిషికి ఆ మాట వినగానే ముందు గుర్తొచ్చేది పిట్టల రెట్ట. నేను పరీక్ష కాగితంలో దిద్దుతాను, వీధిలో దిద్దను. వీధిలో అందరికీ అర్థమయ్యే మాటను తప్పనడానికి నేనెవరిని?

చెయ్యి మంచి పనులే చేస్తుందని ఏముంది. పోలీసులు మనిషిని 'పికప్' చేశారంటే ఇంగ్లీషులో పట్టుకుపోయారని. హిందీలో 'ఉఠా లియా', తెలుగులో ఎత్తుకెళ్ళారు, మరాఠీలో 'ఉచల్లా'. నాలుగు భాషల్లోనూ అందులో వారెంటు కాగితం వాసన తక్కువ, అర్ధరాత్రి జీపు వాసన ఎక్కువ. మరాఠీలో ఈ 'ఉచల్' చాలా దూరం పోయింది. కూలికి ముందుగా తీసుకునే అడ్వాన్సు 'ఉచల్'. చెరకు కోతకు పోయే జంటలు కూలీల మేస్త్రీ అయిన ముకద్దం దగ్గర అది ఎత్తుకుని, ఆ బాకీ తీరేదాకా కొడవలి దించరు. చిల్లర దొంగ 'ఉచల్యా'. ఒక కులం మొత్తానికి అదే పేరు అంటగట్టారు. బ్రిటిష్‌వాళ్ళు 1871లో చేసిన నేరస్థ తెగల చట్టం అట్లాంటి సమూహాలను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టింది. ఆ కులంలో పుట్టిన లక్ష్మణ్ గాయక్వాడ్ తన బతుకును రాసి, పుస్తకానికి 'ఉచల్యా' అనే పేరే పెట్టాడు. 1987లో వచ్చిన ఆ పుస్తకానికి మరుసటి ఏడాది సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చింది. మా పై తరగతి పిల్లలకు మరాఠీ బాగా వచ్చు కాబట్టి, 'పికప్' పాఠంలో నేను ఆ పుస్తకం సంగతి కూడా చెప్తాను. సిలబస్‌లో లేదు కదా అని తల్లిదండ్రులెవరైనా అడిగితే, లేదనే ఒప్పుకుంటాను.

'ఎత్తు'కూ 'పికప్'కూ ఎక్కడో ఒకచోట దారులు చీలాలి కదా. ఎత్తిపొడవడం దగ్గర చీలాయి. కోడలిని ఎత్తిపొడిచే అత్తకు 'పికప్' పనికిరాదు. ఇంగ్లీషులో అక్కడ తోక మారి 'పిక్ ఆన్' అవుతుంది: ఒకరినే పట్టుకుని సతాయించడం. మన మాటలో పొడవడం పైకే కనిపిస్తుంది. వాళ్ళ మాటలో కోడి ముక్కు నాటి పాత పొడవడం ఇంకా లోపల దాక్కుని ఉంది.

ఏరడం దగ్గర ఇంకో చీలిక ఉంది, మా ప్రాంతానికి అదే ముఖ్యం. రాజురా చుట్టూ పత్తి చేలు. పత్తి ఏరడం ఇంగ్లీషులో ఒట్టి 'పిక్', 'అప్' ఉండదు. చెట్టు నుంచి తీసేది కాబట్టి. ఏటా జనవరి దాటాక చంద్రపూర్, గడ్చిరోలి పల్లెల నుంచి కూలీలు మిరపకాయలు ఏరడానికి తెలంగాణకు పోతారు. అదీ 'పిక్'. వాళ్ళను తీసుకుపోయే బండి 'పికప్'. కింద పడ్డదాన్ని తీస్తే 'పిక్ అప్'. తెలుగులో మాత్రం చెట్టు మీది పత్తినీ ఏరుతాం, నేల మీది గింజలనూ ఏరుకుంటాం.

ఇది చెప్తున్నప్పుడే పదో తరగతి కుర్రాడు చెయ్యెత్తాడు. లారీల మీంచి రోడ్డు మీద పడ్డ బొగ్గు పెళ్ళలు పొయ్యిలోకని తెచ్చుకుంటారు కదా, అది 'పిక్' రాయాల్నా 'పిక్ అప్' రాయాల్నా, అని. కింద పడింది కాబట్టి 'పిక్ అప్' అన్నాను.

"మా అమ్మ ఏరుకొచ్చిన అంటది. సెక్యూరిటీ గార్డు ఎత్తుకపోతున్నవ్ అంటడు," అన్నాడు వాడు.

ఇంగ్లీషులో ఆ ఇద్దరి మాటలకూ 'పిక్ అప్' ఒక్కటే సరిపోతుందని, తేడా తెలియాలంటే మిగతా వాక్యం రాయాల్సిందేనని చెప్పాను. వాడు రెండు వాక్యాలు రాశాడు. అమ్మ వాక్యంలో కర్త 'మై మదర్'. గార్డు వాక్యంలో కర్త 'దిస్ ఉమన్'. రెండింటికీ మార్కులు వేశాను.